ఏడో గోతాం

ఫిబ్రవరి 17, 2003, సోమవారం

పేటలో స్టేషనరీ కొట్టాయన పోయినేటి డైరీ ఊరికే ఇచ్చాడు. తేదీలు కొట్టేసి రాసుకుంటున్నాను. హైదరాబాదులో నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మీరు డైరీ రాస్తారా?" నేను చిన్నగా నవ్వి, "నా డైరీ గోడకి వేలాడుతూ ఉంటుందండీ" అంటాను. వాళ్ళు ఆ మాట రాసుకుంటారు. నిజమే, లోకం దగ్గర దాచుకున్నదేమీ లేని మనిషికి డైరీతో పనేముంది? చేతులు ఖాళీగా ఉన్నాయని రాస్తున్నాను. నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి బాగా రాయక్కర్లేదు, అదొక సుఖం.

బక్రీదుకని అమ్మ దగ్గరికి వచ్చి ఉండిపోయాను. మార్చి 15న బంజారాహిల్స్‌లో మళ్ళీ నా ప్రదర్శన, పోయినేడు వేలాడదీసినవే. ఏడు గోతాలు, ఒక్కో గోతాం మీద నేను చేసిన ఒక్కో తప్పు. మా నాన్న హయాత్ సాయిబు గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఏళ్ళు మార్కాలు వేశాడు. రేకులో అక్షరాలు ఉలితో కోసి, ఆ రేకు బస్తా మీద పెట్టి, నల్లరంగు కుంచెతో అద్దితే పేరు పడుతుంది. పద్ధతి నాన్నది, తప్పులు నావి. "రంజాన్‌లో రోజా ఉన్నానని చెప్పి కాలేజీ కుళాయి దగ్గర నీళ్ళు తాగాను" అని ఒకటి. "నాన్న ఉద్యోగం లెక్చరర్ అని ఫారంలో రాశాను" అని ఒకటి. గ్యాలరీ నడిపే శ్రీరమ్యగారు వీటిని చూసి పోయినేడు కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడకి తెలుగు చదవడం రాదు. పక్కన ఇంగ్లీషు చీటీ ఉంటుంది, అది చదివి ఏడుస్తారు.

ఏడో గోతాం అందరికీ ఎక్కువ నచ్చింది. అందులో ఏముందో నాకు తెలుసు కదా, ఇక్కడ రాయడం దేనికి.

అమ్మ పాత గోతాలు తెచ్చి, దబ్బనంతో చిరుగులు కుట్టి రైతులకిస్తుంది. ఇంటినిండా గోతాలే. వసారాలో ఎడమ పక్కవి నేను హైదరాబాదు నుంచి తెచ్చుకున్నవి, కుడి పక్కవి అమ్మవి. ఆ సంగతి అమ్మకి స్పష్టంగా చెప్పాను. అప్పుడు అమ్మ దబ్బనంలోకి పురికొస ఎక్కిస్తూ ఉంది.

ఫిబ్రవరి 18

రేకులు కిరసనాయిలుతో తుడిచాను. అమ్మ నాతో మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. ప్రశాంతంగా ఉంది.

ఫిబ్రవరి 20, గురువారం

యా అల్లా! ఎడమ పక్క ఖాళీ.

పొద్దున లేచి చూసేసరికి వసారాలో నా గోతాలు ఒక్కటి లేదు. "అమ్మా, నావేవి?" అన్నాను. అమ్మ తాపీగా, "నిన్న పొద్దుగూకాక పిచ్చయ్యగారి పెళ్ళాం రాఘవమ్మ వచ్చిందే. కల్లంలో కాయ ఎండిపోయింది, గోతాలు చాల్లేదంది. ఇచ్చా" అంది.

"అవి గోతాలు కాదమ్మా!"

"గోతాలు కాకపోతే పట్టుచీరలా?"

"వాటిమీద అక్షరాలున్నాయి కదా, చూళ్ళేదా?"

"అక్షరాల్లేని గోతాం ఎక్కడుందే ఈ జిల్లాలో? రెండిటికి చిరుగులుంటే కుట్టి మరీ ఇచ్చా."

ఆ చిరుగులు నేను కావాలని పెట్టినవి. వాటి గురించి ఒక పత్రికలో 'గాయాలు' అని పేరా మొత్తం రాశారు. అమ్మ గాయాలన్నీ పురికొసతో కుట్టేసి, వంద బస్తాల మిర్చి పండిన ఇంటికి పంపేసింది.

పరిగెత్తుకుంటూ పిచ్చయ్యగారి కల్లానికి వెళ్ళాను. కల్లం అంతా ఎర్రగా ఉంది, తుమ్ములే తుమ్ములు. రాఘవమ్మగారు మూతికి తువ్వాలు కట్టుకుని కాయ తొక్కిస్తున్నారు. పాత మార్కా ఉన్న గోతాన్ని తిరగేసి నింపడం ఇక్కడి అలవాటు, లేకపోతే యార్డులో ఎవరి సరుకో తెలియక గొడవలవుతాయి. నావి ఆరు అలాగే తిరగేసి నింపారు. నా తప్పులన్నీ లోపలివైపు, మిరపకాయలకి ఆనుకుని ఉన్నాయి. కాళ్ళావేళ్ళా పడి ఆరూ గుమ్మరింపించాను. "ఏందమ్మా ఈ చోద్యం, గోతాలకి ఏడవటం" అని కూలివాళ్ళు ఒకటే నవ్వడం.

ఏడోది మాత్రం లేదు.

"ఆ ఒక్కటి తిరగెయ్యలేదమ్మాయ్. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, పైకే ఉంచా" అన్నారు రాఘవమ్మగారు, నన్ను మెచ్చుకుంటున్నట్టు. "పొద్దున్నే మొదటి లోడులో కోల్డ్ స్టోరేజికి పోయింది."

ఫిబ్రవరి 21

పిచ్చయ్యగారి ఇంటికి వెళ్ళి అడిగాను. ఆయన అరుగు మీద కూర్చుని, "లాట్ నంబరు పడ్డాక బస్తా బయటికి రాదమ్మాయ్. ధర పలికినప్పుడు బాండు చూపించి మొత్తం లాటు తీయాల్సిందే. ఒక్క గోతాం కోసం లోపల తవ్వుతారా?" అన్నాడు. తర్వాత తలగోక్కుంటూ, "అయినా అక్కడ నంబర్లేసేది మీకు తెలిసినోడేగా. మీ నాన్న కింద పనిచేసిన జక్రయ్య. చీమకుర్తి నుంచి వచ్చేసి రెండేళ్ళయింది" అన్నాడు.

జక్రయ్య అక్కడున్నాడని నాకు తెలియదు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లోనే ఉన్నాడనుకున్నాను. ఉన్నాడో పోయాడో అని కూడా అనుకున్నాను.

సరే, రాస్తాను. రాస్తే ఏమైంది, పోయినేడు హైదరాబాదులో గోడమీద వేలాడిందే కదా. 1985 మార్చి. నాకు పధ్నాలుగేళ్ళు. నాన్నకి చలిజ్వరం వస్తే ఆయన బదులు రేకు పట్టుకుని యార్డుకి వెళ్ళాను. పక్కపక్కనే రెండు లాట్లు, ఒకటి మేలు రకం, రెండోది రంగు వెలిసిన తాలు కాయ. తాలుకి మేలు రకం మార్కా వేసేశాను. ఆ తాలు మద్రాసు పార్టీకి వెళ్ళి, వారానికి తిరిగొచ్చింది. నాన్న కింద బస్తాలు సర్దే జక్రయ్య లంచం తిని మార్చాడని కొట్టువాళ్ళు అతన్ని యార్డులోంచి గెంటేశారు. 'మార్కా దొంగ' అన్నారు. గోతాం మీద ఇదంతా పట్టదు కాబట్టి రెండు ముక్కల్లో వేశాను: "ఆ రోజు మార్కా తప్పు వేసింది నేను. జక్రయ్యని గెంటేస్తుంటే నేను ఊరుకున్నాను."

చిన్నపిల్లని. ఊరుకున్నాను. అంతే.

నా బాధ కళాకృతి పాడైపోతుందని. వేరే ఏం లేదు.

ఫిబ్రవరి 22

ఎస్‌టీడీ బూత్ నుంచి శ్రీరమ్యగారికి ఫోన్ చేశాను. ఆరు గోతాలకి కారం మరకలు పట్టాయని, ఏడోది కోల్డ్ స్టోరేజిలో ఇరుక్కుందని భయపడుతూ చెప్పాను.  ఆవిడ, "ఓ మై గాడ్ కరీమున్! కన్ఫెషన్ని చిల్లీస్‌తో నింపి కోల్డ్ స్టోరేజిలో పెట్టావా? బ్రిలియంట్! ఏడో ప్లేస్ ఖాళీగా వదిలేద్దాం, చీటీ ఒక్కటే పెడదాం" అన్నారు.

మా అమ్మకి ఇంత పేరు వస్తుందని అమ్మకి తెలియదు.

ఫిబ్రవరి 23

అన్నం తింటూ, ఏడో గోతాం మీద జక్రయ్య పేరుందని చెబితే అమ్మ అంది. "గోతాం పోతే ఇంకో గోతాం ఇస్తాగా. అక్షరాలు పోతే రేకు ఉందిగా. నీ భయం గోతాం గురించి కాదు. జక్రయ్య చదువుతాడని."

"చదివితే చదవనీ. దాచుకున్నదేం లేదు నాకు."

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటున్నావు. ఎవరన్నారే నిన్ను?" అని చారు పోసింది.

ఫిబ్రవరి 25, మంగళవారం

కోల్డ్ స్టోరేజికి వెళ్ళాను. రోడ్డు మీద ట్రాక్టర్ల బారు కిలోమీటరు ఉంది. లోపల కాటా పక్కన ఒక ముసలాయన బస్తాల మీద కుంచెతో లాట్ నంబర్లు వేస్తున్నాడు. జుట్టంతా తెల్లబడింది. మెడలో పురికొసకి కట్టిన చిన్న పలక వేలాడుతోంది. చెయ్యి చూసి గుర్తుపట్టాను, 'రెండు' వేసేటప్పుడు కుంచె తిప్పడం నాన్న నేర్పినదే.

"జక్రయ్య మామా" అన్నాను. తిరగలేదు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. నన్ను ఎగాదిగా చూసి, పెద్ద గొంతుతో, "హయాత్ సాయిబు కూతురివి కదూ?" అన్నాడు. ఆ కేకకి హమాలీలందరూ తిరిగారు. "ఏం చెప్పినా వినపడదు పాపా. క్వారీలో బ్లాస్టింగులు చెవులు తినేశాయి. దీనిమీద రాయి." పలక, బలపం చేతిలో పెట్టాడు.

చెప్పడానికి దారి పొడుగునా తయారైన మాటలున్నాయి. అవన్నీ నోటితో చెప్పే మాటలు. పలక మీద పట్టవు. "బాగున్నావా మామా" అని రాశాను.

"బాగున్నావా మామా!" అని ఆయన గొంతు చించుకుని చదివాడు. రాసిందల్లా పైకి చదవడం ఆయనకి అలవాటు, తన గొంతు తనకి వినపడదు కదా. "ఆ, బాగానే ఉన్నా!"

హమాలీలు బస్తాలు దించేసి దగ్గరికొచ్చారు. నేను పలక తుడిచి, ఇంకా చిన్న అక్షరాల్లో, "పిచ్చయ్యగారి లోడులో నా గోతాం ఒకటి పొరపాటున వచ్చింది. అది బొమ్మల ప్రదర్శనకి కావాలి" అని రాశాను. చిన్న అక్షరాలు రాస్తే చిన్నగా చదువుతాడని ఎందుకనుకున్నానో! కాంపౌండు గోడదాకా వినపడేలా చదివాడు.

"ఆ గోతాం నేనే దించుకున్నా పాపా. చదివా." కుంచె డబ్బాలో పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. "కింద నంబరు వేసింది నేనే. నీ అక్షరాల మీద పడకుండా పక్కకి వేశా."

 "క్షమించు" అని రాయబోయి, 'క్ష' దగ్గరే ఆగాను.

"అయితే ఒకటి అడగాలి నిన్ను" అన్నాడు. "ఊరుకున్నాను అని వేశావే. ఊరుకున్నావా నువ్వు? కొట్టులో సైదా మేస్త్రి 'మార్కా ఎవడేశాడ్రా' అంటే, నువ్వు నా వైపు వేలు చూపించి, 'జక్రయ్య వేశాడు' అన్నావు. నేను మూడడుగుల దూరంలో ఉన్నా. అప్పట్లో నా చెవులు బాగానే వినపడేవి పాపా."

హమాలీల్లో ఒకడు, "రాయక్కా, ఏం రాస్తావో రాయి" అన్నాడు.

నేను రాశాను. సిగ్గు విడిచి ఇక్కడ కూడా రాస్తున్నాను, ఏం రాశానో. "రేకు చాల్లేదు మామా."

ఆయన అది కూడా గట్టిగానే చదివాడు. చదివి, కోప్పడలేదు. "చాలకపోతే నాకు చెప్పాల్సింది. తెచ్చిచ్చేవాణ్ణి" అన్నాడు.

ఫిబ్రవరి 26

తలనొప్పి. కారం వాసన వల్ల.

ఫిబ్రవరి 27

'ఊరుకున్నాను' ఎన్ని అక్షరాలు? 'పేరు చెప్పాను' ఎన్ని అక్షరాలు? లెక్కపెట్టాను. రేకు చాలేది.

వేలు చూపించాను. 'జక్రయ్య' అన్నాను. ఆ రోజు నాన్న జ్వరంతోనే గొంగళి కప్పుకుని వచ్చి నిలబడ్డాడు. నాన్న నా వేలు చూశాడు. నిజం చెబితే ఆయన పని పోతుంది, అందుకని ఆయనే నిజంగా ఊరుకున్నాడు. గోతాం మీద నేను వేసుకున్నది నాన్న తప్పు. అది నా తప్పు కంటే అందంగా ఉందని నేను తీసుకున్నాను.

ఆ తర్వాత నాన్న పోయేదాకా నా చేతికి రేకు ఇవ్వలేదు. నాకొచ్చిన పనంతా అంతకుముందు నేర్చుకున్నదే.

ఫిబ్రవరి 28

మళ్ళీ వెళ్ళాను. స్పష్టంగా, "ఏం చెయ్యమంటావు మామా" అని రాశాను. ఆయన ఆలోచించాల్సిన పనే లేకుండా చెప్పాడు. పద్దెనిమిదేళ్ళ నుంచి తయారుగా ఉన్న జవాబు అది.

"రేకు మళ్ళీ కొయ్యి. జరిగింది జరిగినట్టు. అది మంచి గోతాం మీద వేసి, యార్డుకి తీసుకెళ్ళి, సైదా మేస్త్రి ముందు పెట్టాలి. ఆ కొట్టు యజమాని పోయాడు, సైదా ఉన్నాడు. గోతాంతో పాటు నువ్వు కూడా రావాలి. నేనూ వస్తా." కుంచె తుడుస్తూ, "మా తమ్ముడి ఇల్లు యార్డు వెనకే. క్రిస్మస్‌కి పోవాలన్నా ఊరంతా చుట్టి పోయేవాణ్ణి. ఆ గేటు ముందునుంచి నడవలేకపోయా. సచ్చేలోపు ఒకసారి తిన్నగా నడవాలని ఉంది" అన్నాడు.

ప్రదర్శన అయ్యాక చేస్తానని రాశాను. "ఎన్నాళ్ళు?" అన్నాడు. మూడు వారాలని రాశాను. "సరే, ఆగుతాలే" అన్నాడు. ఆయన గొంతులో వెటకారం లేదు, అదే బాధ.

మార్చి 4

రేకు మంచిది దొరకలేదు. దొరికింది కానీ మందంగా ఉంది.

మార్చి 7

ఉలి మొద్దుబారింది.

మార్చి 9, ఆదివారం

హైదరాబాదు బయల్దేరుతున్నాను. ఆరు గోతాలు మూట కట్టాను. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అంది అమ్మ, ఎవరితోనో అన్నట్టు. తర్వాత బస్సులో తినమని గోంగూర పచ్చడి, అన్నం పొట్లం కట్టి ఇచ్చింది.

మార్చి 15

ఊరుకున్నాను.

మార్చి 16, రైల్లో

నిన్నటి వాక్యం చదివితే ఏమీ అర్థం కాదు. నాకోసమే అయినా రాయాలి.

అందరూ వచ్చారు. ఆరు గోతాల దగ్గర తుమ్మారు. తుమ్మడం కూడా అనుభవమే అని శ్రీరమ్యగారు అందరికీ చెప్పారు. అమ్మ కుట్టిన పురికొస కుట్లని వేళ్ళతో తడిమి చూశారు. ఏడో చోట ఖాళీ గోడ, పక్కన ఇంగ్లీషు చీటీ. 'నేను ఊరుకున్నాను' అన్న మాట ఇంగ్లీషులో ఇంకా అందంగా ఉంది. అక్కడే జనం ఎక్కువ.

ఒక పెద్దావిడ, తెల్ల ఖాదీ చీర, నా చెయ్యి పట్టుకుని, "నిజంగా ఇలాగే జరిగిందా అమ్మా?" అంది. తెలుగావిడే. కెమెరా కూడా నావైపు ఉంది. శ్రీరమ్యగారు నావైపు చూశారు. చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. వేలు చూపించానని చెబితే చాలు.

ఊరుకున్నాను. ఆవిడ అది మౌనం అనుకుని కౌగిలించుకుంది.

పధ్నాలుగేళ్ళప్పుడు చెయ్యని పని ముప్పై రెండేళ్ళకి చేశాను. అబద్ధాన్ని పద్దెనిమిదేళ్ళ తర్వాత నిజం చేశాను. ఇంతకన్నా సిగ్గుమాలిన పని నా జాబితాలో లేదు.

మార్చి 18

వచ్చీ రాగానే ఉలి నూరాను. రేకు మందంగానే ఉంది, కోస్తే తెగుతోంది. సున్నా చుట్టూ కోసేస్తే మధ్య ముక్క ఊడిపోతుంది, రెండు పక్కలా సన్న వంతెన వదలాలి. ఆ వంతెన దగ్గర నేను ఉలి గబగబా తోస్తే నాన్న, "తొందరపడకే, రాత ఎక్కడికీ పారిపోదు" అనేవాడు. ఇవాళ అమ్మ ఎదురుగా కూర్చుని రేకు కదలకుండా పట్టుకుంది. అమ్మకి చదవడం రాదు.

"ఏమని కోస్తున్నావు?" అంది. చెప్పాను. మొత్తం చెప్పాను, వేలుతో సహా.

అమ్మ రేకు వదల్లేదు. "మీ నాన్న నాకు ఆ రాత్రే చెప్పాడు" అంది. "ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అన్నా నేను. ముగ్గురం కలిసి ఆ మనిషిని చీమకుర్తి పంపాం. కొయ్యి, కొయ్యి. అక్కడ పక్కకి పోతోంది."

మార్చి 20

జక్రయ్య మామకి రేకు చూపించాను. ఎండకి ఎత్తి పట్టుకుని, రేకులోంచి పడే వెలుతురుని నేలమీద చదివాడు. రెండుసార్లు చదివాడు. ఈసారి పైకి చదవలేదు. "ఇది సరిగ్గా ఉంది" అన్నాడు.

పాత గోతాం సంగతి అడిగాను. నాలుగో ఛాంబర్లో, పైవరసలో ఉందట. ధర వచ్చేదాకా బయటికి రాదు. నా అబద్ధం చెడిపోకుండా చల్లగా ఉంది.

పిచ్చయ్యగారి రెండో కోత కాయ సోమవారం నేరుగా యార్డుకి వెళుతోంది. అందులో ముందు బస్తా మీద వేద్దామన్నాడు. పిచ్చయ్యగారు ఒప్పుకున్నారు, "నా మార్కా కూడా కనపడేలా వెయ్యండ్రా బాబూ" అన్నారు.

మార్చి 24, సోమవారం

గుంటూరు వెళ్ళొచ్చాం. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకుండా రాస్తున్నాను.

నిన్న వరల్డ్ కప్ ఫైనల్ ఓడిపోయాం కదా, యార్డు మొత్తం చావు ఇల్లులా ఉంది. హమాలీలు బస్తాల మీద పడుకుని ఎవరు ఎట్లా ఆడాల్సిందో తిట్టుకుంటున్నారు. జక్రయ్య మామ చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకొచ్చాడు, ఇస్త్రీ మడత నలగలేదు. గేటు దగ్గర ఆగాడు. నేనూ ఆగాను. ఆయన ఒకసారి చొక్కా సర్దుకుని, తిన్నగా గేటు మధ్యలోంచి నడిచాడు. ఎవరూ ఆపలేదు. ఎవరూ చూడను కూడా లేదు.

ముందు బస్తా దించి సైదా మేస్త్రి ముందు నిలబెట్టారు. సైదాకి డెబ్బై దాటుంటాయి. బస్తాల మీద కూర్చుని పేపర్లో స్కోరు చూస్తున్నాడు. నేను వెళ్ళి, "సలామాలేకుం చాచా, హయాత్ సాయిబు కూతుర్ని" అన్నాను. కళ్ళజోడు పైకి లాగి బస్తా వంక చూశాడు. నెమ్మదిగా చదివాడు.

"మార్కా తప్పు వేసింది నేను. జక్రయ్య వేశాడని వేలు చూపించింది నేను. కరీమున్, హయాత్ కూతురు."

"ఇదేం కంపెనీ మార్కా అమ్మా?" అన్నాడు.

మొత్తం చెప్పాను. నోటితో, నిలబడి, పదిమంది ముందు.  మద్రాసు పార్టీ, తాలు కాయ, వేలు, అన్నీ. చెబుతుంటే ఇన్నేళ్ళూ గోడలకి వేలాడదీసిన వాటికీ దీనికీ ఎంత తేడా ఉందో తెలిసింది. అక్కడ నేను చూస్తున్నవాళ్ళ మొహాలు చూసేదాన్ని. ఇక్కడ తలెత్తలేకపోయాను.

సైదా విన్నాడు. విని, పేపరు మడిచి, "హయాత్ గుర్తున్నాడమ్మా. మంచి చెయ్యి. ఈ జక్రయ్య ఎవరో..." అని పక్కన నిలబడ్డ తెల్లచొక్కా మనిషిని పైనుంచి కిందకి చూశాడు. "గుర్తు లేదు. ఈ గేట్లోంచి ఎంతమందిని పంపాం, ఎంతమంది వచ్చారు! తాలు కాయ గొడవలు ఏడాదికి పది. ఎవడు పెట్టుకుంటాడు మనసులో?"

జక్రయ్య మామ సైదా పెదాలు కదలడం చూస్తున్నాడు. పలక నా చేతికిచ్చాడు. "ఏమన్నాడు పాపా? రాయి."

బలపం పట్టుకున్నాను. పద్దెనిమిదేళ్ళు ఊరంతా చుట్టి తిరిగిన మనిషి. క్వారీలో చెవులు పోగొట్టుకున్న మనిషి. ఎవరి ముందు మొహం చెల్లదని యార్డు గేటు దాటలేదో, ఆ మనిషికి ఈయన పేరు కూడా గుర్తు లేదు. ఉన్నది ఉన్నట్టు రాయడం ఇప్పుడిప్పుడే నేర్చుకున్నాను. రేకు కోసి మరీ నేర్చుకున్నాను.

రాశాను. "తప్పయిపోయింది జక్రయ్యా, మనసులో పెట్టుకోవద్దు అంటున్నాడు."

ఆయన పలక దూరంగా పట్టుకుని, యార్డు మొత్తానికీ వినపడేలా చదివాడు. "తప్పయిపోయింది జక్రయ్యా! మనసులో పెట్టుకోవద్దు అంటున్నాడు!"

పడుకున్న హమాలీలు లేచి కూర్చున్నారు. కాటా దగ్గరవాళ్ళు తిరిగి చూశారు. సైదా నోరు తెరిచాడు. నావైపు చూశాడు. నేను కళ్ళతోనే బతిమాలాను, అంతకన్నా ఏం చెయ్యను? అప్పుడు జక్రయ్య మామ మొహం చూశాడు. ఆ మొహం ఎలా ఉందో రాయడం నా వల్ల కాదు.

సైదా మెల్లగా బస్తా దిగాడు. మోకాళ్ళు పట్టేశాయి, పక్కవాడి భుజం పట్టుకున్నాడు. వచ్చి జక్రయ్య మామ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. "అవున్రా. తప్పయిపోయింది" అన్నాడు. ఎవరో గుర్తులేని మనిషికి చెప్పాడు. తర్వాత కేకేశాడు, "ఒరేయ్, ఇద్దరికీ టీ తీసుకురండ్రా!"

బస్సులో నేను పలక తుడవబోతే జక్రయ్య మామ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండనీ. ఇంట్లో మా ముసల్దానికి చూపించాలి" అన్నాడు. పేటదాకా పలకని చొక్కాకి తగలకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నరసరావుపేట రోడ్డు మలుపు దగ్గర అడిగాడు. "పాపా, ఆ మాట సైదాయే అన్నాడు కదూ?"

పలక మీద చోటు లేదు. తల ఊపాను.

మార్చి 26

శ్రీరమ్యగారి ఫోన్. ప్రదర్శన ఢిల్లీ వెళుతోందట, ఎనిమిదో గోతాం ఉంటే బాగుంటుందట. "ఇంకేమైనా తప్పు మిగిలిందా కరీమున్?" అని నవ్వారు.

ఏడోదాని చీటీ మార్చాలని చెప్పాను, ఏమని మార్చాలో అక్షరం అక్షరం చెప్పి రాయించాను. ఆవిడకి అంత నచ్చలేదు. పాతదే బాగుందన్నారు.

"ఎనిమిదోది లేదండీ. నా తప్పులు అయిపోయాయి" అన్నాను.

ఉంది. సోమవారం నాడు వేశాను, బలపంతో, అందరి ముందు. దానికి రేకు కొయ్యను.